గురజాలలో తోమిన బాండీ

రొంపిచెర్ల నుంచి నరసరావుపేట వచ్చిన తొలి రోజుల్లో అంకారావు కోర్టు ఎదుట తోపుడుబండి మీద పునుగులు వేసేవాడు. న్యాయం ఆలస్యమయ్యేకొద్దీ జనానికి ఆకలి పెరుగుతుందని గ్రహించి ఎగ్ ఫ్రైడ్ రైస్‌కు మారాడు. వాయిదా పడిన ప్రతి కేసూ ఆయనకు రెండు ప్లేట్ల గిరాకీ. ఆ విధంగా న్యాయవ్యవస్థ అండతో అంకమ్మతల్లి ఫాస్ట్ ఫుడ్ వర్ధిల్లింది. బండి షెడ్డయింది, షెడ్డు హోటలయింది. ఆ మీదట ఆయనకు ఫ్రాంచైజీలు ఇవ్వాలనే బుద్ధి పుట్టింది.

ఉత్త పేరుకు ఎవరూ డబ్బు కట్టరు. రుచికి ఒక మూలస్థానం కావాలి. అంకారావు దాన్ని బాండీలో ప్రతిష్ఠించాడు. కొత్త ఇనప బాండీని ఏడాది పాటు తన పొయ్యి మీదే వాడి, అది నల్లగా, నున్నగా మాగాక ఫ్రాంచైజీ తీసుకున్నవాళ్లకు డబ్బు తీసుకుని అప్పగించేటట్టు ఏర్పాటు. "రుచంతా దీన్లోనే ఉంది, మనిషిదేముంది" అని చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తానూ నమ్మాడు.

తొలి బ్రాంచి గురజాలలో కిరాణా వ్యాపారి వెంకటసుబ్బయ్య తీసుకున్నాడు. ఆ ఇంట గుడ్డు మాటే ఎత్తరు. అయితే తినబోయేది ఊరి జనం గనక ఆయనకు అభ్యంతరం కనబడలేదు. ప్రారంభానికి మాచర్ల నుంచి జీవరత్నం కూడా వచ్చాడు. తిని చూసి నచ్చితే రెండో బ్రాంచి అతనిది. నచ్చకపోతే అంకారావు సామ్రాజ్యం గురజాలతో సరి.

అంకారావు వంటగదిలో అడుగుపెట్టేసరికి పొయ్యి మీద ఏదో వెండిలా మెరుస్తోంది.

"ఇదేందమ్మా?"

"మీ బాండీనే అన్నయ్యగారూ" అంది వెంకటసుబ్బయ్య భార్య రమాదేవి. "పాలు పొంగిద్దామని తీస్తే గుడ్డు వాసన. చింతపండూ ఇటుకపొడీ పెట్టి రెండు రోజులు తోమించాను. ఎంత మురికి పట్టించారండీ."

"పాలన్నా పొంగినయ్యా?"

"ఎక్కడ, అడుగంటినై. మళ్లీ తోమించా."

"శుభ్రంగా ఉంటే మంచిదేగా అంకారావూ, ఇన్‌స్పెక్టరొచ్చినా భయం లేదు" అన్నాడు వెంకటసుబ్బయ్య.

గడప దగ్గర నిలబడి జీవరత్నం అంతా విన్నాడు.

అంకారావుకు ధర్మసంకటం వచ్చిపడింది. రుచి కుదరకపోతే జీవరత్నం బస్సెక్కుతాడు. కుదిరితే బాండీ మహిమ అబద్ధమని తేలుతుంది. కావాలని చెడగొడితే బాండీ పరువైనా దక్కుతుంది, నింద రమాదేవి తోముడు మీదికి పోతుంది. ఈ మార్గం ఆయనకు చానా సబబుగా తోచింది. అలా అనుకుంటూనే బాండీని పొగలొచ్చేదాకా కాల్చి, నూనె పోసి చుట్టూ తిప్పి ఒంపేశాడు. మళ్లీ కాల్చాడు, మళ్లీ నూనె తిప్పాడు. గుడ్డు కొట్టేటప్పుడు కూడా చెడగొట్టాలన్న ఆలోచన తలలో పదిలంగానే ఉంది గాని, ఆ కబురు చేతికి చేరలేదు. గుడ్డు గట్టిపడే లోపు అన్నం పడింది, అన్నం అంటుకునే లోపు గాల్లోకి లేచింది.

జీవరత్నం ప్లేటు ఖాళీ చేశాడు.

"పేటలో నీ హోటల్లో తిన్నదే ఇది. తేడా ఏం లేదన్నా. మరి బాండీకని మా కాడ తీసుకునే డబ్బు దేనికి?"

"అదే నేనూ ఆలోచిస్తన్నా."

"బాండీ మాచర్లలో నేనే కొనుక్కుంటాలే. నా కాడ లేంది నీ చెయ్యి."

"చెయ్యి కోసిమ్మంటావా ఏందిరా?"

"వద్దులే. నేనే వచ్చి నీ పక్కన నిలబడతా. ఆ డబ్బు నేర్పినందుకు తీసుకో."

అంకారావు మెరిసే బాండీని పొయ్యి మీంచి దించాడు. ఇన్నాళ్లూ తాను చెప్పిన మాటకు ఆయన మనసులోనే నీళ్లొదిలాడు.

"ముందు ఉల్లిపాయలు తరగాల. నెల్రోజులు గరిటె ముట్టనియ్యను."

"సరే."

"కోర్టుకు సెలవులుంటయి గాని నీకుండవు."

"సరేనంటన్నాగా."

సోమవారం తొలి బస్సుకు జీవరత్నం పేటలో దిగాడు. అంకారావు అతని ముందు ఉల్లిపాయల బస్తా దించాడు. మధ్యాహ్నానికి వేలు తెగింది. ఆయన గాయం మీద పసుపు అద్ది, కత్తి ఇంకోలా పట్టుకోమన్నాడు.