జపాన్ కంపెనీ మనిషి అడిగిన మాట

మా అమ్మాయి జపాన్‌లో ఒక ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. ఆమె ఉండే ఇల్లు ఒక కంపెనీది. ఇళ్లు కట్టేదీ వాళ్లే, కిరాయికిచ్చేదీ వాళ్లే. నేను చూడడానికి వెళ్లిన వారంలోనే ఆ కంపెనీ మనిషి వచ్చి తలుపు తట్టాడు.

నేను మా ఊళ్లో, అశోక్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా పరీక్షలకు చదివే పిల్లలకు గదులు కిరాయికిస్తున్నాను. ఇంటి ఓనర్లు చెప్పకుండా వచ్చి తలుపు కొట్టేది ఖాళీ చేయమనడానికేనని నాకు బాగా తెలుసు. అందుకే గుమ్మానికి అడ్డంగా నిలబడి, అప్పుడే పడుకున్న అమ్మాయిని కేకేసి లేపాను.

"ఏందట? ఖాళీ చెయ్యాల్నంటనా?"

ఆయన నడుము దాకా వంగి, ఒక కొత్త తువ్వాలు, ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. యాభై దాటాక తెలుగు అక్షరాలు నేర్చినదాన్ని, ఆ కాగితంలో గడియారం బొమ్మలే అర్థమయ్యాయి.

"కాదమ్మా! పక్కన కొత్త ఇల్లు కడతరట. చప్పుడైతది, మన్నించమంటున్నడు. నేను ఎన్ని గంటలకు పండుకుంటనో అడుగుతున్నడు."

అమ్మాయి తను పడుకునే, లేచే గంటలు ఆయనకు చెప్పింది. ఆమె లేచాకే మిషన్లు పెడతామని ఆయన రాసుకుని వెళ్లాడు.

అప్పటికి అశోక్‌నగర్‌లో నా బిల్డింగు మీద నాలుగో అంతస్తు పని నడుస్తోంది. కింద పిల్లలు చెవుల్లో దూది పెట్టుకుని చదువుతున్నారు. నేను వాళ్లలో ఒక్కరినీ అడగలేదు. తప్పు తప్పే. వెంటనే మేస్త్రికి ఫోన్ చేశాను.

"ఏ టైముల కొట్టాల్నో గదులల్ల పిల్లలనడుగు."

"ఇల్లు మీదే గదమ్మా, వాళ్లనడుగుడేంది?"

"చదివేది వాళ్లు గద. పో, అడుగు."

మేస్త్రి నవ్వాడు. ఆయన మొదటి గది తలుపు తట్టిన చప్పుడు వినిపించేదాకా నేను ఫోన్ పెట్టేయలేదు.