ఎత్తుకోమన్న మాట

ములకలపల్లి దాటాక, అడవి మొదలయ్యే చోట ఉన్న ఆ ఊళ్లో జంపక్క చేతికి ఒక పేరుండేది. తొలి ఉరుము ఉరిమాక ఏ పుట్ట మీద ఎన్ని పుట్టగొడుగులు లేస్తాయో ఆమెకే తెలుసని అందరి నమ్మకం. ఎవరైనా వెంట వస్తామంటే మాత్రం మూతి ముడిచేది. "నీ కాళ్ల చప్పుడుకే అవి లోపలికి పోతయ్" అనేది. మనిషి కొంచెం గయ్యాళే. అయినా ఆమె తెచ్చిన పుట్టగొడుగుల్ని కళ్లు మూసుకుని తినొచ్చు. ఆ ఇంట్లో తల్లి నాటి నుంచీ ఒక పట్టింపు ఉంది. ఏరిన చెయ్యే మొదటి ముద్ద తినాలి. తిని కాసేపు కూర్చున్నాకే మిగతావాళ్లకు ఆకు వేయాలి.

తల్లి పోయేనాటికి జంపక్కకు పన్నెండేళ్లు, తమ్ముడు గంగయ్యకు రెండు. అంతకుముందు కూడా వాణ్ని మోసింది జంపక్కే. తల్లి కూలికి పోతూ వాకిట్లో నుంచి రోజూ ఒకే మాట అనేది. "జంపీ, పిలగాన్ని ఎత్తుకో." ఒక ఎండాకాలం తునికాకు కోయడానికి పోయిన ఆ తల్లి వడదెబ్బ తగిలి అడవిలోనే ప్రాణం వదిలింది. కూతురితో చివరి మాటంటూ ఏదీ లేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లు గడిచినా జంపక్కకు ఆ కొరత తీరలేదు.

రెండువేల మూడు వానాకాలంలో ఊరి చుట్టూ పత్తే. గంగయ్య కూడా రెండెకరాలు వేశాడు. ఆ రోజు పొద్దున్నుంచీ పురుగుమందు కొట్టాడు. బకెట్లో మందు కలపడానికి కట్టె ఎందుకు, చెయ్యి ఉంది కదా అనుకునే రకం. మధ్యాహ్నం తడిసిన చొక్కాతోనే అక్క ఇంటికి వచ్చాడు. భార్య కళావతి పక్కూళ్లో వరి నాట్లకు పోయింది. వస్తూ వస్తూ దారిలో పశువుల పేడ మీద లేచిన గొడుగులు గుప్పెడు పీకి అక్క గంపలో పడేశాడు.

జంపక్క సగం తరిగాక చూసింది. కొన్ని కాడలు కోసినచోట నీలంగా మారుతున్నాయి. అవేమిటో ఆమెకు తెలుసు. తింటే మనిషి ఊరికే నవ్వుతాడు, లేనివాళ్లు కనబడతారు. చిన్నప్పుడు ఒక ముసలాయన అవి తిని పొద్దుగూకేదాకా ఇప్పచెట్టుతో ముచ్చట పెట్టడం, మర్నాడు మామూలుగా ఎడ్లు తోలుకుపోవడం ఆమె కళ్లారా చూసింది. కనబడినన్ని ఏరి పారేసింది. అన్నీ కనబడలేదు.

కూర ఉడికాక మొదటి ముద్ద తనే తిన్నది. కాసేపు చూసింది. ఏమీ కాలేదు. అప్పుడు తమ్ముడికి పెట్టింది. వాడు చెయ్యి సరిగ్గా కడుక్కోకుండానే ఆకు ముందు కూర్చుని, ఉన్నదంతా ఊడ్చుకుని తిన్నాడు.

కాసేపటికి గంగయ్య నవ్వడం మొదలుపెట్టాడు.

"అక్కా, అమ్మ వచ్చింది."

జంపక్కకు అర్థమైంది. చింతపండు నీళ్లు తాగించి నీడలో కూర్చోబెట్టింది. పొద్దుగూకితే అదే దిగిపోతుందని ఆమె ధైర్యం.

"యాడుంది?" అని అడిగింది.

"గా వాకిట్ల నిలబడ్డది. తట్ట నెత్తిన పెట్టుకుంది."

ఆమెకు కూడా నవ్వొచ్చింది. తమ్ముడి చెయ్యి పట్టుకుని దగ్గరగా జరిగింది. వాడి నోటి నుంచి సొల్లు కారుతోంది, ఒళ్లంతా చెమట. కొంగుతో తుడిచి, మళ్లీ అడిగింది.

"ఏమంటుంది అమ్మ?"

"నిన్నే చూస్తుంది."

"చూస్తే చాలదు. ఏమన్న అనమను."

అలా ఎంతసేపు గడిచిందో ఆమెకు తెలియదు. వాడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. చేతుల మీద కండలు వాటంతటవే అదరసాగాయి. చివరికి వాడు వాకిలి వైపు చెవి పెట్టి విన్నట్టు విని, మెల్లగా అన్నాడు.

"పిలగాన్ని ఎత్తుకోమంటుంది."

జంపక్క ఆ మాట విని మనసారా నవ్వింది, కళ్లనీళ్లు పెట్టుకుంది. "గింత పెద్దోణ్ని ఎట్ల ఎత్తుకోవాలె?" అని తల్లితోనే అన్నట్టు వాకిలికి చెప్పింది.

నాట్ల నుంచి వచ్చిన కళావతి వాణ్ని చూసి కేక పెట్టేదాకా ఎవరినీ పిలవాలన్న ఆలోచనే జంపక్కకు రాలేదు. కిరాయి జీపులో పాల్వంచ ఆస్పత్రి దారి పట్టారు. సగం దారిలో గంగయ్య ప్రాణం పోయింది.

ఆ తర్వాత జంపక్క చేతి గొడుగులు ఎవరూ ముట్టలేదు. సంతలో ఆమె గంప ముందు నుంచి జనం చూపు తిప్పుకుని పోయేవారు. కళావతి మాట్లాడటం మానేసింది.

పెద్దకర్మ అయ్యాక ఆస్పత్రి నర్సమ్మ ప్రమీలారాణి చావు కాగితం రాయడానికి వచ్చింది. జంపక్కను, కళావతిని కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. గొడుగులు ఆకులో పెట్టినవా, కవర్ల కట్టినవా? ఎప్పుడు ఏరినవి? కల్లు తాగిండా? ఏమన్న గోలీలు మింగుతుండెనా? వేరే విషపు గొడుగు కలిసిందా? జంపక్క అన్నింటికీ జవాబు చెప్పింది. నీలం కాడలు, వాడి నవ్వు, లేనిది కనబడటం, వాంతులు, చెమట, అదురు, పొద్దున కొట్టిన మందు, ఏదీ దాచలేదు.

"నువ్వు తిన్నవా?"

"అవ్. ముందు నేనే తిన్న."

"ఒక్కొక్కరి ఒళ్లు ఒక్కో తీరు. ఎంత తిన్నమన్నదీ ఉంటది. కానీ వాని కంటిపాప ఎట్లుండె? పెద్దగనా, చిన్నగనా?"

"ఆవగింజంత," అన్నది కళావతి.

"సొల్లు కారిందా?"

"కారింది," అన్నది జంపక్క.

నర్సమ్మ కలం పక్కన పెట్టింది. "గా నవ్వుడు, గా కనబడుడు గొడుగులదే కావచ్చు. వాంతులు కూడా వాటితో అయితయి. కానీ గీ సొల్లు, చెమట, అదురుడు, కంటిపాప చిన్నగవుడు పురుగుమందుకు అయితయి. రెండూ ఒక్కసారే పడ్డయి. నీ చేతి తప్పేం లేదు జంపక్కా."

కళావతి ఏడుస్తూ వదిన భుజం పట్టుకుంది. జంపక్క మాత్రం నర్సమ్మ మొహమే చూస్తోంది.

"జల్దీ తీస్కపోతే బతికెటోడా?"

నర్సమ్మ కాగితం మడిచింది. "దానికి సూది మందుంది. బతికెటోడేమో."

తనూ ఆ కూరే తిన్నది కదా, ఆ మత్తులోనే కూర్చుండిపోయానని సర్దిచెప్పుకోవచ్చు. ఒక్క రాత్రి అలా అనుకుని చూసింది, ఆ సాకు నిలవలేదు. సొల్లు తుడిచిన కొంగు తనది. తుడిచి మళ్లీ అడిగిన నోరు తనది. తల్లి మాట కోసం తమ్ముణ్ని కూర్చోబెట్టుకున్నది తనే. నర్సమ్మ మాటతో ఊరు ఆమెను క్షమించాక ఆమెకు వాకిట్లోకి చూడటం భయమైపోయింది.

మళ్లీ వానలు పడ్డాయి. కళావతే వచ్చి గొడుగులు తెమ్మని అడిగింది, వండించుకుంది, ఆకు వేసుకుంది.

"ఆగు, ముందు నేను తినాలె."

"ఎందుకు వదినే? నీ చేతి తప్పు లేదన్నది గద," అంటూ కళావతి ముద్ద కలిపింది. "ఒక్కటి అడుగుత. పొయ్యే ముందు నీతోనే ఉండె గద. ఏమన్నడు?"

జంపక్క కూర గిన్నె మీద మూత పెట్టింది.

"అమ్మ ఎత్తుకోమంటుంది అన్నడు."

"ఎవర్ని?"

"వాణ్నే," అన్నది జంపక్క. "నేను ఎత్తుకోలే. నవ్విన."

కళావతి కలిపిన ముద్దను ఆకులోనే వదిలేసింది.