కర్చీఫ్ బదులు నేను

నిన్న బస్టాండులో ఉయ్యూరు బస్సెక్కితే, నా పక్క సీట్లో ఎవరో కిటికీలోంచి వేసిన కర్చీఫ్ కనిపించింది. నా చిన్నప్పుడు మా ఇంట్లో కర్చీఫ్ బదులు నన్నే వేసేవారు.

కారు లేని ఇల్లు మాది. అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్ళాలంటే నాన్న నన్నెత్తి కిటికీలోంచి లోపలికి దింపి, "ఎవరడిగినా మావాళ్ళొస్తున్నారండీ అని చెప్పు" అనేవాడు. ఒకసారి అలా దిగానో లేదో బస్సు కదిలింది. నన్నొక్కదాన్నే తీసుకుపోతున్నారనుకున్నాను. అయినా సీటు పోతే నాన్న తిడతాడని, కళ్ళు మూసుకుని ముగ్గురి సీటు మీద బోర్లా పడుకున్నాను.

బురఖాలో ఉన్న ఒకావిడ "కాస్త జరుగమ్మా" అంది.

"మావాళ్ళొస్తున్నారండీ" అన్నాను ఏడుస్తూనే.

"వచ్చాంలే, లే" అంటూ అమ్మ చెమట చెయ్యి నా వీపు మీద పడింది. హమ్మయ్య అనుకున్నాను. డ్రైవరు ప్లాట్‌ఫారం నుంచి బస్సు వెనక్కి తీశాడు, అంతే.

నాన్న ఆఖరున ఎక్కాడు. "తీస్తున్నంతసేపూ కిటికీ పట్టుకునే నడిచాను కదే, చూళ్ళేదా?" అన్నాడు.

ఇప్పటికీ నాకు కారు లేదు. నిన్న బస్సు వెనక్కి కదలగానే కిటికీ వైపు చూశాను. కర్చీఫ్ తాలూకు మనిషి, అంచు మీద చెయ్యి వేసి, బస్సు వెంటే నడుస్తున్నాడు.