అత్త దిబ్బలో మూడు ముక్కలు

ఆ రోజుల్లో జాబితా రాసుకోనిదే నాకు ఏ పనీ మొదలయ్యేది కాదు. అందుకే ఆ ఉదయం తంబళ్లపల్లె దగ్గర మా అత్త పేడదిబ్బ మీద ఎవరెవరు, ఏమేమి ఉన్నదీ ఇప్పటికీ చెప్పగలను: నేను, అత్త, దిబ్బను చేనుకు తోలడానికి వచ్చిన ట్రాక్టరు, దాని డ్రైవరు, ఒక పార, నా నోటుపుస్తకం, కంటికి కనిపించని కోట్లాది సూక్ష్మజీవులు (వాటిని మాత్రం లెక్కపెట్టలేదు).

కుప్పంలో ఎమ్మెస్సీ చివరి ఏడాది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం అంగళ్లలో ఇచ్చే పచ్చ క్యారీబ్యాగుల మీద ‘మట్టిలో కలిసిపోతుంది’ అని అచ్చువేసి ఉండేది. నిజంగా కలిసిపోతాయా అన్నదే నా ప్రాజెక్టు. ఊరికొక సంచి తెచ్చి, పది సెంటీమీటర్ల చదరం కత్తిరించి, ఒక్కొక్కటీ నైలాన్ వలలో పెట్టి, ఊరి పేరు రాసిన చీటీ కట్టి, చలికాలంలో దిబ్బలో పాతిపెట్టాను. తెల్లవారుతుండగా వచ్చి చూస్తే దిబ్బలోంచి ఆవిరి లేచేది. చెయ్యి దూరిస్తే నిద్రపోతున్న దూడ పొట్టలా వెచ్చగా ఉండేది. లోపల ఆ కోట్ల ప్రాణులు గడ్డినీ ఆకునూ మెల్లగా విప్పి మట్టి చేస్తున్న చప్పుడు నాకు వినిపించేది (వినిపించదు. అయినా వినేవాణ్ణి).

“యాలప్పా పేడకు చెవొగ్గి కూర్సున్నావు? ఎవురన్నా సూస్తే పిల్లనియ్యరు” అనేది అత్త.

తొలకరి పడింది. శెనక్కాయ విత్తే లోపల దిబ్బ చేనుకు చేరాలి. సోమవారం నా వైవా. తవ్వితే మూడు వలలూ దొరికాయి. చీటీలు లేవు. అట్టముక్కల మీద రాసి నూలు దారంతో కట్టానని అప్పుడు గుర్తొచ్చింది. సూక్ష్మజీవులు ఏమేం తింటాయో ఇరవై పేజీలు రాసినవాణ్ణి, వాటికి అన్నిటికంటే ఇష్టమైనదాని మీదే ఊళ్ల పేర్లు రాశాను! మూడు ముక్కలూ ఒకే పచ్చ, ఒకే కొలత. ఏది ఏ ఊరిదో తెలియకపోతే ఫలితం లేదు, ఫలితం లేకపోతే డిగ్రీ లేదు. పార పక్కనే కూలబడ్డాను.

“నువ్వు రాసిందంతా నా దిబ్బ సదివేసిందిలేప్పా” అని నవ్వింది అత్త. ముక్కల్ని తొట్టినీళ్లలో జాడించి ఎండకు ఎత్తి పట్టుకుంది. “సూడు, ఒగ బొక్క ల్యా. మూడూ అంగట్లో ఇచ్చినట్టే ఉండాయి. ఏది ఏ ఊరిదైతే ఏమి?”

“ఉండత్తా, ఆలోచించుకోనీ.”

“ఆలోసించు. ఆడ డ్రైవరు బీడీ అయిపోయేలోపల.”

మూడింటిలో ఏదీ కలిసిపోకపోతే, ఏది ఏ ఊరిదైనా ఫలితం ఒక్కటేనని బీడీ అయిపోకముందే ఒప్పుకున్నాను. ఆరాక తూచితే మూడింటిలో ఒక్కటీ తగ్గలేదు. వైవాలో జరిగింది జరిగినట్టు చెప్పాను.

“మరి చీటీలు?” అన్నారు వేరే యూనివర్సిటీ నుంచి పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన.

“మట్టిలో కలిసిపోయాయి సార్.”

ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. డిగ్రీ వచ్చింది.

ఇప్పుడు మదనపల్లెలో మట్టి పరీక్షల పని చేస్తున్నాను. చీటీలు అల్యూమినియం రేకు మీద గీస్తాను, ఒక్కటీ పోదు. కానీ పేడకు చెవొగ్గే తీరిక పోయింది. ఆనాటి పేజీ మాత్రం నోటుపుస్తకంలో అలాగే ఉంది. సంచి ముక్కలు: పాతినవి మూడు, దొరికినవి మూడు. చీటీలు: కట్టినవి మూడు, దొరికినవి సున్నా.