రూతు తొక్కుడుబిళ్ళ

ఆదివారం పొద్దున్నే మా పేట లూథరన్ చర్చిలో గంట కొట్టేది రూతు. తాడు రెండు చేతులా పట్టుకుని లాగి వదిలిందంటే, తాడుతోపాటు తను కూడా జానెడు ఎత్తు లేచి దిగుతుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి అలా లేచి దిగుతుంటే నేను పాటలు నేర్పే సండేస్కూలు పిల్లలు వాకిట్లో నిలబడి నవ్వుతారు.

"నవ్వండర్రా, నవ్వండి. మీ వయసులో ఈ తాడు పట్టుకుని ఉయ్యాల ఊగేదాన్ని. అప్పటి పాస్టరుగారు చూసి, ఎలాగూ ఊగుతున్నావు కదా, గంట కూడా నువ్వే కొట్టమ్మా అన్నారు," అంటుంది రూతు.

ఆ గంట తప్ప ఊళ్ళో ఆవిడకి పెద్ద పేరేమీ లేదు. ఊడ్పులకీ కోతలకీ వెళ్ళింది. భర్త ఏసుపాదం పోయాక అంగన్‌వాడీలో ఆయాగా చేసింది. అన్నం పెట్టే ముందు పిల్లల చేత ఒక ఆట ఆడించాల్సిందే. ఆడిన పిల్లలు మారాం చెయ్యకుండా తింటారని ఆవిడ లెక్క. పని మానేశాక కూడా సాయంత్రం చర్చి ఆవరణలో ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ గళ్ళు గీస్తే, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వాళ్ళ వరసలో నిలబడుతుంది. తన వంతు తప్పిస్తే ఒప్పుకోదు.

ఆ ఆట ఆవిడకి నేర్పింది వీరవేణి.

మా ఊరు కొవ్వూరుకి దగ్గర. కాలవకి ఇవతల మా పేట, అవతల రైతుల వీధులు. వీరవేణి రైతుగారి అమ్మాయి. ఆ రోజుల్లో ఆ పిల్ల పేటలోకి రాకూడదు, ఆ పిల్ల ఇంట్లోకి రూతు వెళ్ళకూడదు. కాలవగట్టు మాత్రం ఇద్దరిదీను. అరటిబోదె పట్టుకుని కాలవలో ఈత నేర్చుకున్నదీ, మామిడిచెట్ల మీద కోతికొమ్మచ్చి ఆడిందీ, పెంకుముక్కతో గట్టు మీద గళ్ళు గీసిందీ ఇద్దరూ కలిసే. తొక్కుడుబిళ్ళలో వీరవేణిని ఓడించినవాళ్ళు లేరు. ఒంటికాలి మీద నిలబడి, కొంగలా వంగి బిళ్ళ తీసేది.

పద్నాలుగో ఏట వీరవేణి పెద్దమనిషయింది. అంతే, ఇంట్లో కూర్చోబెట్టేశారు. ఆ మరుసటేడు అదే వీధిలో మేనబావకిచ్చి పెళ్ళి చేశారు. దాంతో ఆటలు ఆగిపోయాయి, స్నేహం మాత్రం ఆగలేదు. నలుగురూ ఉంటే "వేణమ్మగారండి", ఎవరూ లేకపోతే "ఏమే వేణీ". యాభై ఏళ్ళ పైచిలుకు రూతు ఈ రెండు పిలుపులూ కలవకుండా జాగ్రత్తగా నడుపుకొచ్చింది.

కిందటి వేసవిలో వీరవేణి మనవరాలు రాజమండ్రిలో పురిటికి చేరింది. నొప్పులు మొదలై రాత్రంతా గడిచినా కాన్పు కాలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని వీరవేణి అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకుంది. తల్లీబిడ్డా క్షేమంగా బయటపడితే, కార్తీకంలో మెట్టుమెట్టుకీ పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ కొండెక్కుతానని. తెల్లారేసరికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం.

ఇక మిగిలింది మొక్కు. మెట్లెక్కడమే కాదు, ప్రతి మెట్టుకీ వంగి లేవాలి. వీరవేణికి కుర్చీలోంచి లేవాలంటేనే కోడలు నాగదుర్గ చెయ్యందించాలి.

కార్తీకానికి ఇంకా మూణ్ణెల్లుందనగా రూతు పెరట్లో కాసిన ములక్కాడలు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళింది. వీరవేణి ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళ కింద స్టూలు పెట్టుకుని కూర్చుని ఉంది. మోకాళ్ళ నిండా నూనె.

"ఏమండి వేణమ్మగారూ, ఒంట్లో బాలేదా?"

నాగదుర్గ వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగి వీరవేణి మెల్లగా చెప్పింది. "బానే ఉన్నానే. మోకాళ్ళు దాచుకుంటున్నాను. ఇప్పట్నుంచీ అరగదీసుకుంటే కొండ దగ్గర ఏం మిగులుతాయి?"

రూతు నవ్వాపుకోలేక ములక్కాడలు నేలమీద పడేసింది. "మోకాళ్ళేమన్నా విత్తనాల వడ్లా ఏంటే, గాదెలో దాచుకోడానికి? డాక్టరుగారేమన్నారు?"

"ఎముకలు గట్టిగానే ఉన్నాయన్నారు. చిన్నప్పుడు బాగా ఆడేవారాండి అని అడిగారు. కదలక బిగుసుకుపోయాయంట. మంచం మీద పడుకుని కాళ్ళెత్తి దించమన్నారు. ఆ ఎక్సర్‌సైజులు రెండ్రోజులు చేశానే. ఏదో జబ్బుమనిషిలా అనిపించి మానేశాను."

"అత్తయ్యగారి బదులు నేను చేస్తానంటే వినట్లేదండి," అంది నాగదుర్గ లోపలినుంచి. "కోడలు చేసినా చెల్లుతుందని పంతులుగారు కూడా అన్నారు."

"మొక్కిన నోరు నాది. వంగాల్సిన నడుం కూడా నాదే," అంది వీరవేణి. చెయ్యలేనేమోనన్న భయం మాత్రం అప్పటికే ఆవిడలో ఉంది.

రూతు ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళింది. వాళ్ళ ఇంటి వెనక వడ్లు ఆరబోసే సిమెంటు గచ్చు మీద ఇటుకముక్కతో గళ్ళు గీసింది.

"ఛ, ఊరుకోవే. ఈ వయసులో ఇదేంటి? ఎవరన్నా చూస్తే?"

"కుంటమన్నానా ఏంటి? నడువు చాలు. బిళ్ళ మాత్రం వంగి తియ్యాలి. అంతే ఆట."

"ముందు ఆ గేటు వేసెయ్యి."

మొదటి వారం వీరవేణి ఒక చేత్తో పిట్టగోడ పట్టుకునే ఉంది. వంగేది కానీ వేళ్ళు బిళ్ళకి అందేవి కాదు. "ఎడం చెయ్యి మోకాలి మీద ఆన్చవే. నువ్వు నాకు నేర్పిందేగా!" అనేది రూతు. తర్వాత వేళ్ళు తగిలాయి. ఆ తర్వాత బిళ్ళ చేతికొచ్చింది. ఆ రోజు వీరవేణి బిళ్ళని పైకెత్తి చూసుకుని, తనలో తనే నవ్వుకుని, రూతు వంతు కూడా తనే ఆడేసింది.

"నా వంతేదే?"

"పెద్దదాన్ని, సర్దుకో."

"నాకంటే నాలుగు నెల్లు పెద్ద. చాల్లే."

గేటు వేసినా వంటింటి కిటికీ గచ్చు వైపే ఉంది. నాగదుర్గ అంతా చూస్తూనే ఉంది. రోజూ ఆట సగంలో ఉండగా రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చి పిట్టగోడ మీద పెట్టి, ఏమీ చూడనట్టు వెళ్ళిపోయేది. రెండూ ఒకే రకం స్టీలు గ్లాసులు. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు రూతు గ్లాసుల మాట ప్రత్యేకంగా చెప్పింది.

దసరా వెళ్ళేసరికి వీరవేణి పిట్టగోడ వదిలేసింది. కళ్ళు మూసుకుని గళ్ళు దాటుతూ, చిన్నప్పటిలాగే గడిగడికీ "రైటా?" అని అడిగేది. గీత తొక్కకపోతే రూతు "రైట్" అనేది. తొక్కితే ఔట్. తిండి సయించడం, రాత్రి నిద్ర పట్టడం, కోడలి మీద విసుగు తగ్గడం ఇవన్నీ కూడా అప్పుడే మొదలయ్యాయి.

కార్తీకంలో ఒక తెల్లవారుజామున కారులో అన్నవరం బయల్దేరారు. నువ్వుంటేనే వంగుతానని వీరవేణి పట్టుబట్టడంతో రూతు కూడా వెళ్ళింది. పసుపు, కుంకుమ గిన్నెలు నాగదుర్గ పట్టుకుంది. నీళ్ళసీసా, తుండు రూతు పట్టుకుంది. కొండ కింద మొదటి మెట్టు, తొలిపావంచా దగ్గర వీరవేణి కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టుకుంటుంటే, రూతు పక్కకి జరిగి కళ్ళు మూసుకుని, తండ్రీ ఈ మనిషి మొక్కు చెల్లేలా చూడమని తన ప్రార్థన తను చేసుకుంది.

కొండ సగం దాకా బాగానే సాగింది. ఎండెక్కింది. ఒక మెట్టుకి బొట్టు పెట్టి వీరవేణి లేవలేకపోయింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

"నడుం పట్టేసింది," అంది మెల్లగా.

నాగదుర్గ కంగారుపడింది. "ఇక చాలత్తయ్యా. కిందికి దిగి కారులో పైకెళ్దాం. మిగిలినవి నేను చేస్తాను." వీరవేణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనకాల మెట్లపూజ చేసుకుంటూ వస్తున్నవాళ్ళు ఆగారు. అందులో ఒకావిడ గొడుగు తెచ్చి వీరవేణి తల మీద పట్టింది. "నెమ్మదిగా కానివ్వండి మామ్మగారూ, మాకేం తొందరలేదు," అంది.

రూతు అంతమందిలో ఉన్న సంగతే మర్చిపోయింది.

"ఏమే వేణీ! రెండు కాళ్ళూ కర్రల్లా పెట్టి వంగుతావేంటే? బిళ్ళ అలాగేనా తీసేది? ఎడం చెయ్యి మోకాలి మీద ఆన్చు. ఇప్పుడు లే."

నాగదుర్గ తెల్లబోయి చూసింది. వీరవేణి ఎడం చెయ్యి మోకాలి మీద ఆన్చింది. ఒక్క క్షణం ఆగి, మెల్లగా లేచి నిలబడింది. నిలబడగానే నవ్వొచ్చేసింది. తుండుతో మొహం తుడుచుకుని, కాసేపు కూర్చుని, రెండు గుక్కల నీళ్ళు తాగి పై మెట్టుకి వంగింది. పసుపు రాసి, బొట్టు పెట్టి, లేచి, వెనక్కి తిరగకుండానే అడిగింది.

"రైటా?"

"రైట్," అంది రూతు.

అక్కణ్ణుంచి పైదాకా మెట్టుకో "రైటా", మెట్టుకో "రైట్". గొడుగావిడ వెంట ఉన్న పిల్లలు కూడా రూతుతో కలిసి అరవడం మొదలెట్టారు. చివరి మెట్టుకి బొట్టు పెట్టాక మాత్రం వీరవేణి ఏమీ అడగలేదు. చేతులు జోడించి చాలాసేపు అలాగే నిలబడింది.

దర్శనం అయి బయటికొచ్చేటప్పుడు వీరవేణి ఒక చేత్తో ప్రసాదం పొట్లం, ఇంకో చేత్తో ఉడకబెట్టిన వేరుశనక్కాయల పొట్లం తెచ్చింది. ప్రసాదం సంచిలో వేసుకుని, వేరుశనక్కాయలు బయట అరుగు మీద కూర్చున్న రూతు ఒళ్ళో పెట్టింది. రూతు ప్రసాదం తినదని ఆవిడకి తెలుసు.

మర్నాడు సాయంత్రం రూతు గచ్చు దగ్గరికి వెళ్ళలేదు. మొక్కు తీరిపోయింది కదా, ఇంకేం ఆట అనుకుంది. నలుగురిలో ఏమే అన్నందుకు లోపల కొంచెం బెరుకు కూడా ఉంది. నేను చర్చి ఆవరణలో సండేస్కూలు పిల్లలకి పాట నేర్పుతున్నాను. రూతు ఓ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

కాలవ వంతెన దిగి ఎవరో నడిచొస్తున్నారు. వీరవేణి. చేతికర్ర లేదు. వెనకాల నాగదుర్గ.

పేటలో వాళ్ళందరూ అరుగుల మీంచి లేచి నిలబడ్డారు. నాకు తెలిసి ఆవిడ మా పేటలో అడుగు పెట్టడం అదే మొదలు. రూతు చేట పక్కన పెట్టి గబగబా లేచింది.

"రండి వేణమ్మగారూ, కూర్చోండి. కుర్చీ వేస్తాను."

"కుర్చీ ఎందుకే, మూణ్ణెల్లు పట్టింది దాంట్లోంచి లేవడానికి," అంది వీరవేణి. "కొండ మీద అందరి ముందూ ఏమే అన్నావు. ఇక్కడికొచ్చేసరికి ఈ గారు ఏంటి?"

పిల్లలు పాట మానేసి చూస్తున్నారు.

"పొద్దుట్నుంచీ గచ్చు మీద ఒక్కదాన్నే ఆడాను. రైట్ అనేవాళ్ళు లేకపోతే అదేం ఆట?" అంటూ వీరవేణి కొంగుముడి విప్పింది. అందులో పెంకుముక్క ఉంది. "దుర్గ కూడా నేర్చుకుంటానంది. నడుం నొప్పంట. ఏదీ, మీ పిల్లల గళ్ళెక్కడున్నాయి?"

రూతు ఒక్కసారి నావైపు చూసి, కుచ్చిళ్ళు ఎగదోపుకుంది.

"అదిగో ఆ వరసలో నిలబడవే వేణీ," అంది. "నీకంటే ముందు ఎనిమిదిమంది ఉన్నారు."