భీమిలి బస్సులో యూరప్ సినిమా

హైదరాబాద్ నుంచి ఒంటరిగా విశాఖ వెళ్లినప్పటి మాట. భీమిలి బస్సులో ఫోన్ తీసి, ఎవరికీ పట్టని ఒక పాత యూరప్ సినిమా పెట్టుకున్నాను. విడిపోకముందు నేనూ, నేను ప్రేమించిన అమ్మాయీ కలిసి చూసిన సినిమా. ప్రేమికులు డొక్కు వ్యానులో దేశాలు దాటుతారు. ప్రతి సరిహద్దులోనూ ఎవరో ఒకరు వాళ్లను ఆపి అదే ప్రశ్న అడుగుతుంటారు. చివరికి ఓడరేవులో ఆ అమ్మాయి ఒక్కతే ఓడెక్కేస్తుంది.

చేపలమ్ముకుని ఖాళీ గంపతో ఇంటికెళ్తున్న పెద్దావిడ పక్కన కూర్చుని అంతా చూసింది.

"దారంతా ఆలనేటి అడుగుతన్నారు బాబూ?"

"ఎక్కడికి వెళ్తున్నారని."

"అందికే ఇడిపోనారు! బయల్దేరినోలని ఎక్కడికని అడుగుతారేటి? మావోలు సేపల ఏటకెల్తంటే ఆ మాటే ఎత్తం."

దర్శకుడు కూడా ఆ తర్వాత మరో సినిమా తీయలేకపోయాడని, సబ్బుల ప్రకటనలు తీస్తూనే ముసలివాడయ్యాడని చెప్పాను.

"ఆయన్నీ ఎవులో అడిగీసుంటారు," అంది జాలిగా.

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

తన పల్లె రాగానే గంప తీసుకుని లేచింది. నేనెక్కడికో అడగలేదు. "ఎల్లొచ్చీ బాబూ," అని దిగిపోయింది.

అలా వెళ్లి తిరిగి రమ్మని నాతో ఎవరైనా అని చాలా కాలమైంది. రావలసింది ఎక్కడికో ఆవిణ్ణే అడగాలనిపించింది.

అడగకూడదు కదా.