ఫ్రేములో అడ్డమొచ్చిన అత్త

ఇప్పుడంటే జేబులో ఫోనున్న ప్రతివాడూ కెమెరామ్యానే గానీ, తొంభైల నాటి బెంగళూరులో భుజం మీద వీడియో కెమెరా ఉన్నవాడి దర్జా వేరు. పెళ్ళికొడుకు కంటే ముందు టిఫిను మాకే. పురోహితుడు కూడా తాళి పైకెత్తి పట్టుకుని, "ఆయ్తా సార్? కట్టించొచ్చునా?" అని నా వైపు చూసేవాడు. చిక్కపేటలో ఒక పెళ్ళిళ్ళ వీడియో స్టూడియోలో పనిచేస్తున్న నేను, ఇరవై రెండేళ్ళకే, ఊళ్ళో ముహూర్తాలన్నీ నా చేతిలోనే ఉన్నాయని నమ్మాను. అలాంటివాడు పెళ్ళిళ్ళతో ఆగుతాడా? సినిమా డైరెక్టరు అయిపోవాలనుకున్నాను. గాంధీనగర్ సినిమా ఆఫీసుల్లో చూపించడానికి చిన్న సినిమా ఒకటి తీయాలి. ఒక మనిషి నిజమైన జీవిత కథ అయితే బరువుగా ఉంటుందని ఎవరో చెప్పారు. ఆ మనిషి కోసం నేను ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది.

మా నాయన చెల్లెల్ని మేమంతా ఆవుల అత్త అనేవాళ్ళం. దొడ్డబళ్ళాపురం రోడ్డులో మా ఇల్లు, ఇంటి వెనక ఆరు సీమావులు, ఆ ఆవులతో ఆమె. పెళ్ళి చేసుకోలేదు. మనిషి ముఖంలోకి చూసేది కాదు, మన చెవి పక్కనున్న గోడతో మాట్లాడేది. కుక్కరు కూత వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పోయేది. ఏడాది పొడుగునా నీలం గళ్ళ చీరలే. చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకునేది. ఒకసారి నాయన విసుగులో "నా కంటికి కనబడాకు పో" అన్నాడని, ఆయన ఇంట్లో ఉన్నంతసేపూ ఆవుల దగ్గరే కూర్చుంది. (మూడో రోజు నాయనే పోయి బతిమాలి అన్నానికి పిలుచుకొచ్చాడు.) ఆటిజం అనే మాట అప్పటికి మా వీధికి రాలేదు. "అదొక తీరు మనిషిలే" అని వదిలేశాం. కానీ బెదిరిన ఆవు మెడ మీద ఆమె రెండు అరచేతులూ గట్టిగా ఆనిస్తే చాలు, అది నెమ్మదించేది. "ఈ పొద్దు గౌరికి బాగలేదు" అని పొద్దున ఆమె అన్నదంటే, సాయంత్రానికి పశువుల డాక్టరు రావలసిందే.

ఆ ఏడాది నాయన ముచ్చటపడి ఆవులకని సిమెంటుతో కొత్త కొట్టం కట్టించాడు. కిటికీలు, వాకిట్లో అడ్డంగా మురుగు కాలువ, దాని మీద తళతళలాడే స్టీలు జాలీ. ఇంటికి ఎవరొచ్చినా ముందు కొట్టం చూపించాకే కాఫీ. ఆవులు మాత్రం వాకిలి దాకా వచ్చి, నాలుగు కాళ్ళూ నిగడదన్ని నిలబడిపోయేవి. లాగినా రావు, కొట్టినా రావు. రోజూ ఈ రభసతో పాలు తగ్గిపోయాయి.

"వాకిలి కాడ ఏమో ఉండాది," అనేది అత్త.

"ఏముండాదే? దయ్యముండాదా? ఉగాది లోపల ఇవి లోపలికి పోకుంటే అన్నిటినీ అమ్మేస్తా," అన్నాడు నాయన. అన్నంత పనీ చేసే మనిషి ఆయన. అత్తకు ఏం చెప్పాలో తెలుసు, ఎలా చెప్పాలో తెలియలేదు. సరిగ్గా ఆ వారమే నేను స్టూడియో కెమెరా అడిగి తెచ్చుకుని, "అత్తా, నీ మీద సినిమా తీస్తా" అన్నాను.

ఆమె కెమెరాను చాలాసేపు చూసింది. తర్వాత, "ఆవు ఎత్తులో పెట్టప్పా. ఆవు నడిచినట్ల వాకిట్లోకి నడువు. అది మీ నాయనకి చూపించు," అంది. నా జీవితంలో ఆమె నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే మొదలు. మోకాళ్ళ మీద పాక్కుంటూ పది నిమిషాలు తీశాను. ఆమె పక్కనే వంగి నడుస్తూ "ఇంకా కిందికి, ఇంకా కిందికి" అంటూనే ఉంది. నా ధ్యాసంతా ప్యాంటుకు అంటుతున్న పేడ మీద.

మరునాడు అసలు షూటింగు. అత్త కెమెరా వైపు చూడదు, నవ్వమంటే నవ్వదు, పట్టుచీర గరగరలాడుతుందని కట్టదు. హీరోయిన్‌గా పనికిరాదని తేల్చేసి, అత్త వేషం మా వదినకు ఇచ్చాను. వదిన కాలేజీలో నాటకాలు వేసింది. ఆవులంటే మటుకు చచ్చేంత భయం. మూర బారు గడ్డిని చేయి చాచి పట్టుకుని, ముఖం అటు తిప్పి, కళ్ళు గట్టిగా మూసుకుని ప్రేమ నటించింది. గౌరి గడ్డిని వదిలేసి పట్టు పైట చివర నమలడం మొదలుపెట్టింది. వదిన కేక పెట్టి తొట్టి మీదికెక్కేసింది. నేను పెళ్ళి లైటు ఇంకా దగ్గరికి జరిపాను. (క్లైమాక్సు బాగా కుదురుతోందనుకున్నాను మరి.)

"చెవులు ఎనక్కి పెట్టింది. బెదురుతా ఉండాది. లైటు తీయప్పా," అంటూ అత్త గౌరి మెడ మీద చేతులు వేయబోయింది.

"అత్తా! స్వల్ప పక్కకు జరుగు. ఫ్రేములోకి వస్తుండావు!" అని అరిచాను.

ఆమె జీవిత కథలోంచి ఆమెనే పక్కకు జరగమన్నాను. అప్పుడు అందులో తప్పేమీ కనబడలేదు. ఆమె చేతులు వెనక్కి తీసుకుని జరిగిపోయింది.

స్టూడియోలో మిక్సింగ్ చేయడం నాకు ఒక్క పెళ్ళిళ్ళ పద్ధతిలోనే వచ్చు. పేర్లు గులాబీ రేకుల్లో పడ్డాయి. గౌరి హృదయం ఆకారంలోంచి బయటికొచ్చింది. వెనక సన్నాయి. ఆదివారం ఇంట్లో వేస్తే నాయన చప్పట్లు కొట్టాడు. తలుపు పక్కన నిలబడ్డ అత్త చివరిదాకా చూసి, "వాకిలి?" అంది.

"అది పెట్టలేదత్తా. బోరు కొడతాది," అన్నాను.

పెట్టకపోవడమే కాదు. మా స్టూడియోలో ఒక అలవాటు ఉండేది. అవసరం తీరిన కేసెట్టును వృథా చేయకుండా తర్వాతి పెళ్ళికి వాడేసేవాళ్ళం. ఆవు ఎత్తులో తీసిన ఆ పది నిమిషాల మీద అప్పటికే మల్లేశ్వరంలో ఒక పెళ్ళి ఎక్కేసింది. నా సినిమాను గాంధీనగర్‌లో ఒకాయన గబగబా ముందుకు తిప్పి చూసి, "మదువె యారదప్పా?" అన్నాడు. పెళ్ళి ఎవరిదని! ఉగాది మర్నాడు ఆరు ఆవులూ లారీ ఎక్కాయి. ఆ రోజు నేను వేరే ముహూర్తంలో ఉన్నాను. ఉన్నా ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

పదేళ్ళు పోయాక ఒక ప్రత్యేక పిల్లల బడిలో వార్షికోత్సవం తీస్తున్నాను. లైటు వేయగానే ఒక పాప చెవులు మూసుకుని గోడ వైపు తిరిగింది. అక్కడి టీచరమ్మ లైటు ఆర్పించి, ఆటిజం గురించి నాకు ఓపికగా చెప్పింది. నాకు ఆ పాప కనబడలేదు, నీలం గళ్ళ చీర కనబడింది. సాయంత్రం స్కూటరు తిన్నగా ఇంటికి తిప్పాను.

అత్త తల నెరిసింది, చీర మాత్రం అదే. "అత్తా, తప్పు చేసినా," అన్నాను.

"ఆ కేసెట్టు ఉండాదా?"

"లేదత్తా. దాని మీద పెండ్లి తీసేసినా."

"ఎవురి పెండ్లి?"

"ఎవురిదో."

"బాగుండారా వాళ్ళు?" అంది గోడ వైపు చూస్తూ. అందులో ఎత్తిపొడుపు లేదు, ఆమెకు అది రాదు. అందుకే మరీ బాధేసింది.

కొట్టంలో ఇప్పుడు పాత సామాన్లు. నా చిన్న కెమెరా పట్టుకుని వాకిట్లో మోకాళ్ళ మీద కూలబడ్డాను. (ముప్పై రెండేళ్ళకే వచ్చిన పొట్ట నేలకు తగులుతోంది.) ఆవు ఎత్తుకు దిగి చూశాను. నిలబడితే మామూలు జాలీ. కింద నుంచి చూస్తే, వెనక కిటికీ వెలుతురంతా దాని మీద పడి, వాకిలికి అడ్డంగా ఒక మండే గుంతలా ఉంది. నేనూ ఆగిపోయాను. ఆ రోజు దాని మీద ఒక గోనెసంచి కప్పి ఉంటే సరిపోయేది.

"కనబడిందత్తా," అంటూ కెమెరా ఆమె వైపు తిప్పాను. ఆమె చటుక్కున పక్కకు జరిగింది. నేను తిప్పాను, మళ్ళీ జరిగింది.

"ఏమత్తా?"

"నువ్వు చెప్తివి గదా, జరగమని."

మా ఇంట్లో ఆ పదేళ్ళ ఆల్బములన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చెల్లెలి పెళ్ళి, నా పెళ్ళి, పిల్లల పుట్టినరోజులు. ఎందులోనూ అత్త లేదు. ఫొటోలంటే భయమేమో అనుకున్నాం అందరం.

"జరగొద్దత్తా. ఆడే నిలబడు. ఈ సినిమా నీదే," అన్నాను.

"ఎంతసేపు?"

"కేసెట్టు అయ్యేదంక," అన్నాను, ఏదో మాట వరసకు.

ఆ కేసెట్టు గంటసేపటిది. అత్త కదల్లేదు, నవ్వలేదు, కెమెరా వైపు చూడనూ లేదు. జాలీనే చూస్తూ నిలబడింది. అరగంటకే నా మోకాళ్ళు మొరాయించాయి గానీ, ఆపడానికి మనసు రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు వేసుకుని చూస్తాను. ఫ్రేము నిండా అత్త, కెమెరా వెనక నుంచి లేవలేక మూలుగుతున్న డైరెక్టరుగారి గొంతు. వింటే నవ్వొస్తుంది. ఆ కేసెట్టు మీద మాత్రం ఏ పెళ్ళీ ఎక్కనివ్వలేదు.